సూరమ్మ పాట

ఎడ్మంటన్
20 ఏప్రిల్ 2024

ప్రియమైన శ్యామలకు,

దేవుని దయవల్ల ఇక్కడ మా ఆయన డేవిడ్‌సన్ బాగున్నారు, కాల్గరీలో మా అమ్మాయి హోప్ బాగుంది. నేనే బాగా లేను. ఒంట్లో ఏమీ లేదు. కోపం. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నీ చెవి మిషను సంగతి తెలుసు కదా. నేను అరవాలి, అరిస్తే నీ మీదే అరుస్తున్నాననుకుంటావు. అందుకే ఎప్పటిలా ఉత్తరం.

నీ ‘మేడిచర్ల వారి మేడ’ ఉగాదికి వేశాం. మూడొందల యాభై మంది వచ్చారు. నువ్వు రిచ్‌మండ్ హిల్ వెళ్లిపోయాక మన తెలుగు అసోసియేషన్ నాటకానికి ఇంతమంది రావడం ఇదే. ఇంటి యజమానురాలు వసుంధరగా మృదుల వేసింది. డెంటిస్టు, పోయినేడాది కొత్తగా వచ్చిందని రాశానే, ఆ అమ్మాయి. పనిమనిషి సూరమ్మ వేషం నాది. వేరే చెప్పక్కర్లేదు.

రెండో అంకంలో వసుంధర కుర్చీలో కూర్చుని ఇల్లు అమ్మాలా వద్దా అని కాగితాలు చూసుకుంటుంటే, సూరమ్మ కింద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతూ పాడుతుంది కదా. ఆ పాట ఎత్తుకోగానే హాల్లో పరుగెత్తుతున్న పిల్లలు ఆగిపోయారు. నిజం చెప్తున్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆఖర్న అందరం దండం పెట్టడానికి వచ్చినప్పుడు, మృదులకి చప్పట్లు బాగానే కొట్టారు. నేను రాగానే లేచి నిలబడ్డారు. ఎటు చూడాలో తెలియక నా కాళ్లు చూసుకున్నాను.

బుధవారం దీక్షిత్ గారింటి బేస్‌మెంట్‌లో కమిటీ మీటింగ్. అసోసియేషన్ ప్రెసిడెంటూ ఆయనే, డైరెక్టరూ ఆయనే.

“సుందరి గారూ, మీ సాంగ్ సూపర్ అండీ. కానీ ఆగస్టులో రిచ్‌మండ్ హిల్ షోకి మనకిచ్చింది రెండు గంటలే. కొంచెం ట్రిమ్ చెయ్యాలి” అన్నారు.

“ఏది ట్రిమ్ చేస్తారు?”

“సూరమ్మ సాంగ్ తీసేస్తే ఫ్లో బాగుంటుందని అనుకుంటున్నాం.”

“అనుకుంటున్నాం అంటే ఎవరెవరండీ?”

ఆయన లాప్‌టాప్ వంక చూసుకున్నారు. అల్లుడి వేషం వేసిన కిరీటి కెనడా మంచులో జారిపడే సీను పన్నెండు నిమిషాలుంది. దాన్ని ఎవరూ ట్రిమ్ చెయ్యరు. మృదుల ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తనకంటే నాకు ఎక్కువ చప్పట్లు పడ్డాయి కదా, ఎందుకు మాట్లాడుతుంది.

శ్యామలా, పద్దెనిమిదేళ్లలో నీవి పదకొండు నాటకాలు వేశాను. నాలుగు పనిమనుషులు, రెండు మంత్రసానులు, ఒక పూలమ్మే మనిషి, ఒక ఆయా. మిగతావి గుర్తు కూడా లేవు. స్టేజి మీద ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోలేదు. అడగలేదు కూడా. ఇచ్చిన దానిలోనే పని చూపించాను. ఇప్పుడు చూపించడం కూడా ఎక్కువైంది.

రాసినదానివి నువ్వు. నా పాట కొయ్యొద్దని నువ్వు ఒక్క మాట చెప్తే దీక్షిత్ గారు నోరెత్తరు. చెప్పు.

నీ
జ్ఞానసుందరి


రిచ్‌మండ్ హిల్
2 మే 2024

ప్రియమైన సుందరికి,

నీ ఉత్తరం సోమవారం అందింది. వెంటనే రాయలేకపోయాను. మా అమ్మాయి ప్రియ ఆఫీసుకు వెళితే మనవడిని స్కూల్ నుంచి తెచ్చే పని నాదే. మధ్యాహ్నాలు అలా గడిచిపోతున్నాయి.

నాటకం వీడియో చూశాను. నీ గురించి కొత్తగా చెప్పేదేముంది. నువ్వు రంగస్థలం మీదకు రాగానే అక్కడి గాలి మారుతుంది. ఆ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు.

కానీ సుందరీ, కొంచెం నిదానంగా ఆలోచించు. బయటి ఊరిలో నాటకం వేసేటప్పుడు సమయం మన చేతిలో ఉండదు. హాలు వాళ్లు దీపాలు ఆర్పేస్తారు. ఏదో ఒకటి తగ్గించక తప్పదు. పాట లేకపోయినా సూరమ్మ సూరమ్మే. చప్పట్లన్నీ నీకే వచ్చాయని నువ్వే రాశావు. అన్ని చప్పట్లు వచ్చిన మనిషికి ఒక్క పాట ఎంత?

నువ్వు చిన్న వేషాలని రాశావే, అది నన్ను బాధపెట్టింది. నా నాటకాల్లో మంచి మాటలన్నీ ఆ చిన్న వేషాలకే ఇచ్చాను. నువ్వున్నావనే ఇచ్చాను. కథానాయికలు కుర్చీలో కూర్చుని నీతులు చెబుతారు. జనం ఇంటికి తీసుకుపోయేది నీ మాటలే.

దీక్షిత్ గారితో తగువు పెట్టుకోకు. డేవిడ్‌సన్ గారిని అడిగానని చెప్పు.

నీ
శ్యామల


ఎడ్మంటన్
11 మే 2024

శ్యామలా,

ఒక్క పాట ఎంత అని అడిగావు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దీక్షిత్ గారికి చెప్తానని గానీ, చెప్పనని గానీ ఎక్కడా లేదు. ఇరవై ఏళ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషివి, అడిగిన ప్రశ్నకి జవాబు రాయడం మర్చిపోయావా?

నీకు చెప్పని సంగతి ఒకటుంది. జనవరిలో ఈ నాటకం చేతికి రాగానే, వసుంధర వేషం నేను వేస్తానని దీక్షిత్ గారిని అడిగాను. అరవై రెండేళ్లకి మొదటిసారి నోరు తెరిచి అడిగాను. ఆయన నవ్వారు. చెడ్డగా ఏం కాదు, మర్యాదగానే.

“మీకది సూట్ కాదండీ. వసుంధర అంటే పెద్దింటి ఇల్లాలిలా కనబడాలి కదా. మీరు సూరమ్మకి నేచురల్.”

నేచురల్. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేశాను. మస్కట్‌లో వార్డు మొత్తం నా కింద ఉండేది. ఇక్కడ వైట్ అవెన్యూ దగ్గర మాకు సొంతిల్లుంది. అయినా నన్ను చూస్తే ఆయనకి చేతిలో చేట కనబడుతుంది. నా రంగు చూసి అన్నాడో, నా పేరు చూసి అన్నాడో నాకు తెలియదనుకున్నాడేమో.

సరే అని సూరమ్మనే తీసుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మొదటిసారి చదివినప్పుడే సూరమ్మ ఎవరో నాకు తెలిసిపోయింది. “అమ్మగారి కోపం అట్ల పెనం లాంటిది, చల్లారినా తాకకూడదు” అని సూరమ్మ అంటుంది. అది మా అమ్మ మాట. మీ ఇంటి వెనక వసారాలో తొమ్మిదేళ్లు గిన్నెలు తోమిన కాంతం మాట. ఆ పాట కూడా మా అమ్మదే. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. నీకు మా అమ్మ అంతగా గుర్తుందనుకుని సంతోషించాను. పాంఫ్లెట్‌లో ‘మాటలు, పాటలు డాక్టర్ శ్యామల’ అని చూసి కూడా ఊరుకున్నాను.

అందుకే అడుగుతున్నాను, ఒక్క పాట ఎంత అని నువ్వెలా రాశావు?

రేపు మృదుల దగ్గరికి వెళ్తున్నాను. నా పాట మీద నీకేం కోపం తల్లీ అని మొహం మీదే అడుగుతాను.

జ్ఞానసుందరి


ఎడ్మంటన్
18 మే 2024

డాక్టర్ శ్యామల గారికి,

మీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. ఇకనుంచి మిమ్మల్ని ‘మీరు’ అనే రాస్తాను. ఈ ఊళ్లో మళ్లీ కలిసినప్పుడు, ‘ఇక్కడ ఏవండీ గీవండీ ఏంటి, పేరు పెట్టి పిలువు’ అని మీరే అన్నారు. ఆ చనువు ఇచ్చింది మీరే. దాన్ని తిరిగి ఇచ్చేస్తున్నాను.

మృదుల ఇంటికి వెళ్లాను. తిడదామనే వెళ్లాను. ఆ అమ్మాయి తలుపు తీసి, నన్ను చూసి, “రండాంటీ, నేనే మీ దగ్గరికి రావాలనుకుంటున్నా” అంది. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నేను ముట్టుకోలేదు.

“నా పాట తీసేస్తుంటే ఆ రోజు ఎందుకు మాట్లాడలేదమ్మా?” అని అడిగాను.

“ఏం మాట్లాడాలో తెలీలేదాంటీ. ఆ పాట అయ్యాకే కదా వసుంధర ఏడవాలి. మీరు పాడుతుంటే నాకు నిజంగా ఏడుపొస్తుంది, గ్లిజరిన్ కూడా అక్కర్లేదు. పాట తీసేస్తే నేనెక్కడ ఏడవాలి? అదే దీక్షిత్ గారిని అడిగా. ఆయన నాకీ మెయిల్ ఫార్వర్డ్ చేశారు.”

ఫోన్ నా చేతికిచ్చింది. ఏప్రిల్ పదిహేను తారీకు. నాటకం అయిన రెండో రోజు. నేను మీకు ఉత్తరం రాయడానికి అయిదు రోజుల ముందు. మీరు రాసింది మీకే గుర్తు చేస్తాను.

“సూరమ్మ పాట తీసేయండి. ఆ పాట తర్వాత ప్రేక్షకులు వసుంధరను చూడడం లేదు. నాటకం ఒక పక్కకు ఒరిగిపోతోంది. ఇది నేను చెప్పినట్టు సుందరికి తెలియనవసరం లేదు.”

నేను దీక్షిత్ గారిని అనుమానించాను. మృదులని ఆడిపోసుకున్నాను. మీకు ఉత్తరం రాసి, కాపాడమని అడుక్కున్నాను. మీరు చదివి, మనవడిని తెచ్చుకుని, తీరిగ్గా ఆలోచించి, హాలు వాళ్లు దీపాలు ఆర్పేస్తారని రాశారు.

డేవిడ్‌సన్ ఈ మెయిల్ సంగతి విని, “పోనీలే సుందరీ, పెద్దావిడ” అన్నారు. ఆవిడ నాకంటే మూడు నెలలు చిన్నదండీ అన్నాను.

నా వేషం నాకంటే పెద్దగా కనబడితే మీకేం నొప్పి? పాట మా అమ్మది. గొంతు నాది. అందులో మీది ఏముంది, కొయ్యడానికి?

జ్ఞానసుందరి


రిచ్‌మండ్ హిల్
30 మే 2024

సుందరికి,

అవును, ఆ మెయిల్ నేనే రాశాను. నీకు చెప్పకపోవడం తప్పు. రాయడం తప్పు కాదు.

నాటకం నాది. నాలుగేళ్లు కూర్చుని రాశాను. వసుంధర ఎవరనుకుంటున్నావు? మా అమ్మ. ఆవిడ పోయాక, ఎందుకు అంత కఠినంగా బతికిందో తెలుసుకోవాలని రాసుకున్నాను. తెలుగువాళ్లు నాలుగు వందల మంది కూర్చుని, రెండు గంటలు మా అమ్మను చూస్తారని అనుకున్నాను. వీడియో పెట్టుకుంటే వాళ్లు చూసింది నిన్ను. మృదుల మాట్లాడుతుంటే కూడా కెమెరా పట్టుకున్నవాడు నీ వైపే తిప్పాడు. నువ్వు ఊరికే బియ్యం ఏరుతున్నావు. ఏమీ చెయ్యకుండా నాటకాన్ని లాగేసుకున్నావు.

పాట మీ అమ్మదంటావు. బందరులో బియ్యం ఏరే ప్రతి ఆడమనిషీ ఏదో ఒకటి పాడుకునేది. దాన్ని తీసుకొచ్చి స్టేజి ఎక్కించింది నేను. నేను రాయకపోతే నిన్ను ఎవరు చూసేవారు? పద్దెనిమిదేళ్లు నీకు వేషాలు రాసిన చెయ్యి ఇది. దీక్షిత్ నీ రంగు చూశాడంటే అతన్ని అడుగు. నన్ను అతనితో కలిపి కట్టకు.

నిజం చెప్పనా? నీతో ఎప్పుడూ ఇంతే. మిషన్ బడిలో తొమ్మిదో తరగతి నాటకం గుర్తుందా? నేను రాణిని. నీకు ఇచ్చింది దారిన పోయే ముసలమ్మ వేషం. అప్పుడూ నాటకమంతా నువ్వే ఎత్తుకుపోయావు. కలెక్టరు గారి భార్య నన్ను దాటుకుని వెళ్లి నీకు బహుమతి ఇచ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలియదు. తెలిస్తే ఇప్పుడు పాట గురించి మాట్లాడవు.

మీరు అని పిలుస్తానంటే పిలువు. నాకు అలవాటే.

శ్యామల


ఎడ్మంటన్
8 జూన్ 2024

శ్యామల గారికి,

మీ ఇంట్లో ఏం జరిగింది?

నాకు తెలిసింది ఇది. శనివారం నాటకం. సోమవారం పొద్దున్నే అమ్మ పనికి వెళ్లి గంటలో తిరిగొచ్చింది. అమ్మగారికి ఇంక మనిషి అక్కర్లేదంట అంది. ఎందుకని అడిగితే, తనకి దగ్గు వస్తోంది కదా, డాక్టరు గారిల్లు కదా అంది. నెల తిరక్కుండా గుడివాడలో మామయ్య దగ్గరికి వెళ్లిపోయాం. నా బడి రెండేళ్లు ఆగిపోయింది. అమ్మ రైస్ మిల్లులో ఉడికిన వడ్లు ఎండబోసేది. అరికాళ్లు బొబ్బలెక్కేవి. సాయంత్రం నేను కొబ్బరినూనె రాసేదాన్ని. తొంభై ఎనిమిదిలో పోయింది. పోయేదాకా ఆ దగ్గు వల్లే మన బతుకు మారిందే అని బాధపడింది.

దగ్గు వల్ల కాదా?

చుట్టూ తిప్పి రాయొద్దు. జరిగింది రాయండి.

జ్ఞానసుందరి


రిచ్‌మండ్ హిల్
22 జూన్ 2024

సుందరీ,

దగ్గు వల్ల కాదు.

ఆ ముందు ఉత్తరం కోపంలో రాశాను. పోస్టు డబ్బాలో వేశాక, చెయ్యి పట్టేంత సందు ఉంటే వెనక్కి తీసుకునేదాన్ని. ఇప్పుడు రాయకుండా ఉండే దారి లేదు.

నాటకం నుంచి ఇంటికి వచ్చాక నేను రాణి బట్టలు విప్పలేదు. అన్నం తినలేదు. ఆదివారం కూడా తినలేదు. నాన్నగారు నాడి చూసి ఏమీ లేదన్నారు. అమ్మ వచ్చి మంచం మీద కూర్చుని ఏం కావాలని అడిగింది. కాంతం కూతురు మన వసారాలో కనబడితే నేను బడికి వెళ్లనన్నాను. ఆ పిల్ల రేపు బడికి వచ్చినా వెళ్లనన్నాను. అమ్మ నా దుప్పటి సర్దింది. కాంతం మంచి మనిషే, ఇంకో మనిషి ఇలాంటిది దొరకదే అంది. అయితే నేను చచ్చిపోతానన్నాను. నాకు పద్నాలుగేళ్లు. అది సాకు కాదు, వయసు రాస్తున్నానంతే.

మా అమ్మ మీ అమ్మను పంపించలేదు. నేను పంపించాను. దగ్గు అన్న మాట నాన్నగారు చెప్పమన్నారు, అడిగితే అనుకూలంగా ఉంటుందని.

నాటకంలో వసుంధర సూరమ్మకు పట్టుచీర పెట్టి, కళ్లు తుడుచుకుంటూ సాగనంపుతుంది. నేను మా అమ్మ కోసం రాశాననుకున్నాను. నాకోసం రాసుకున్నాను.

పాట గురించి కూడా అబద్ధం రాశాను. అందరూ పాడుకునేది కాదు అది. మీ అమ్మ సొంతంగా కట్టుకున్నది. ఆవిడ రోజుకో మాట మార్చి పాడేది. నేను కిటికీ దగ్గర లెక్కలు చేసుకుంటూ విని, నోటుబుక్కు వెనక రాసుకునేదాన్ని.

పాట తిరిగి పెట్టమని దీక్షిత్ గారికి రాశాను. పాంఫ్లెట్లు ప్రింటుకు వెళ్లిపోయాయి, టైమింగ్స్ ఫిక్స్ అయిపోయాయి మేడమ్ అని జవాబు ఇచ్చారు.

శ్యామల


రిచ్‌మండ్ హిల్
19 ఆగస్టు 2024

సుందరీ,

రెండు నెలలుగా నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. నువ్వు నాటకానికే రావేమో అనుకున్నాను.

శనివారం ప్రియ నన్ను హాలుకు తీసుకెళ్లింది. మూడో వరసలో కూర్చోబెట్టారు. నాటకానికి ముందు నన్ను పైకి పిలిచి శాలువా కప్పారు. తెర పక్కన నువ్వు సూరమ్మ చీరలో నిలబడి ఉన్నావు. నా వైపు చూశావు. చూపు తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

రెండో అంకం వచ్చింది. పాట లేదు కనుక నువ్వు చేట తీసుకుని లోపలికి వెళ్లిపోవాలి. నువ్వు లేచావు. అప్పుడు మృదుల కాగితాలు పక్కన పెట్టి, “సూరమ్మా, ఎప్పుడూ ఏదో పాడతావే, ఇవాళ పాడవేం?” అంది. ఆ మాట నేను రాయలేదు.

“ఈ ఇంట్లో ఆ పాట వద్దన్నారమ్మా” అన్నావు నువ్వు.

“ఎవరన్నారు? కూర్చో. ఇక్కడ కూర్చుని పాడు” అని ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

నువ్వు కూర్చోలేదు. ఆ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి పాడావు.

‘రాయేదో బియ్యమేదో రెప్ప వాల్చక ఏరినా
ఏరిన చేతికి విస్తట్లో ఇంత చోటు ఉన్నదా’

హార్మోనియం లేదు. దీక్షిత్ గారు తెర సందులోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. పాట అయ్యాక మృదుల, “ఎవరు నేర్పారు నీకు?” అని అడిగింది. నువ్వు సూరమ్మ గొంతు వదిలేశావు. నీ గొంతుతోనే చెప్పావు.

“మా అమ్మ కాంతం. బందరులో డాక్టరు గారింట్లో తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆవిడ కూతురు బడిలో నాటకం బాగా వేసిందని ఒక సోమవారం రావద్దన్నారు. ఈ పాట ఆవిడది.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏం చెయ్యాలో వాళ్లకు తెలియలేదు. ప్రియ నా వైపు తిరిగి, “అమ్మా, ఈజ్ దట్ అస్?” అంది. అవునన్నాను.

నాటకం అయ్యాక వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. నువ్వు మేకప్ కూడా తుడుచుకోకుండా వచ్చి, నన్ను దాటుకుని వెళ్లి వ్యాన్ ఎక్కావు. వెళ్లాల్సిందే. నేను పిలవలేదు.

శాలువా హాల్లోనే వదిలేసి వచ్చాను. వాళ్లు నిన్న ఇంటికి పంపించారు.

శ్యామల


ఎడ్మంటన్
6 అక్టోబర్ 2024

శ్యామలా,

నువ్వు క్షమించమని అడగలేదు. అది మంచి పని. అడిగి ఉంటే ఏదో ఒకటి అనాల్సి వచ్చేది, చర్చిలో అలవాటైన మాట ఒకటి నోట్లోంచి వచ్చేసేది. నాకు అది ఇష్టం లేదు. కోపం తగ్గలేదు. పొద్దున్న లేవగానే ముందు అదే గుర్తొస్తోంది. అమ్మ పోయేదాకా తన దగ్గుని తిట్టుకుంది, శ్యామలా. ఆ ముక్క ఒక్కటే నా గొంతు దిగడం లేదు. మిల్లూ, బడీ, ఏదైనా మింగుతాను గానీ.

మళ్లీ ‘నువ్వు’ అని రాస్తున్నాను. అది చనువు కాదు. ‘మీరు’ అని రాసినప్పుడు మా అమ్మ నిలబడినట్టు నేను కూడా వసారాలో నిలబడ్డట్టుంది. ఇక నిలబడను.

అసోసియేషన్ వదిలేశాను. దీక్షిత్ గారు ‘డిసిప్లిన్’ అని రెండు పేజీల మెయిల్ పెట్టారు. మృదుల కూడా బయటికి వచ్చేసింది. ఆ పిల్ల మంచి నటి అవుతుంది. తన సీనులో ఎదుటిమనిషి బాగా చేస్తే భయపడదు, ఇంకా బాగా చేస్తుంది. నీకూ ఆ సంగతి ఎవరైనా చిన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

నేను నాటకం రాస్తున్నాను. నవ్వుకోకు. నవ్వుకున్నా ఫరవాలేదు. నేను కాగితం మీద రాస్తే మృదుల టైప్ చేస్తోంది. మా చర్చి బేస్‌మెంట్ ఇస్తామన్నారు. డేవిడ్‌సన్ లైట్లు చూస్తారు. నాటకం పేరు ‘కాంతం’. వేషం నేనే వేస్తున్నాను. మొదటి సీను నుంచి ఆఖరి సీను దాకా స్టేజి మీద నుంచి దిగను.

అందులో డాక్టరు గారి భార్య ఒక్క సీనులో వస్తుంది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పని మానిపిస్తుంది. ఆ రోజు ఆవిడ ఏమందో నాకు తెలియదు, అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అందుకని నేనే రాశాను. “నీ దగ్గు మా పిల్లలకి అంటుకుంటుంది, పో ఇక్కణ్ణుంచి” అని పెద్దగా అరుస్తుంది. కాంతం ఏడుస్తూ కాళ్లు పట్టుకుంటుంది. రిహార్సల్‌లో చేసి చూశాం. బాగా లేదు. ఎక్కడో అబద్ధంగా ఉంది, ఎక్కడో నాకు దొరకడం లేదు.

ఆ భార్య వేషం నీకు ఇస్తున్నాను. చిన్న వేషం. పాంఫ్లెట్‌లో పేరు ఆఖర్న ఉంటుంది. నవంబరు ఆఖరు శనివారం షో. రావాలని లేదు. వస్తే మా ఇంట్లో దిగాలనీ లేదు.

జ్ఞానసుందరి


రిచ్‌మండ్ హిల్
15 అక్టోబర్ 2024

సుందరీ,

వస్తాను. నవంబరు పదకొండుకు టికెట్ తీసుకున్నాను. యూనివర్సిటీ దగ్గర ఒక గది దొరికింది.

నీ సీనులో అబద్ధం ఎక్కడుందో నాకు తెలుసు. ఆ సోమవారం నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను.

మా అమ్మ అరవలేదు. ఉప్పు జాడీ మీద గుడ్డ బిగించి కడుతూ, తల ఎత్తకుండా, “కాంతం, రేపటి నుంచి నువ్వు రావద్దు” అంది. పాలవాడితో రేపు పాలు వద్దని చెప్పినట్టే చెప్పింది. దగ్గు మాట అడిగితే చెప్పాలనుకుంది. మీ అమ్మ అడగలేదు. ఆ మాట మీ అమ్మే తనకు తాను చెప్పుకుని ఉంటుంది, లేకపోతే నీకు చెప్పడానికి వెతుక్కుని ఉంటుంది.

మీ అమ్మ ఏడవలేదు. కాళ్లు పట్టుకోలేదు. తడి చేతులు చీరకు తుడుచుకుని, “పాపగారు అన్నం తిన్నారా అమ్మా?” అని అడిగింది. రెండు రోజులుగా నేను తినడం లేదని ఆవిడకు తెలుసు. ఎందుకు తినడం లేదో తెలియదు. నీకు ఈ మాట కోపం తెప్పిస్తుంది. మార్చకు. అదే అంది.

మా అమ్మ వసారా వైపు తలుపు వేసింది. గట్టిగా కాదు. మీ అమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉండగా, మెల్లగా, గడియ చప్పుడు కూడా కాకుండా వేసింది.

అలాగే వేస్తాను. రిహార్సల్ ఎన్ని గంటలకో రాయి.

శ్యామల